చూపు తక్కువున్న అమ్మాయి, 800 బాగా పరిగెడుతోంది. పారా అథ్లెటిక్స్‌లో ఎటు పంపాలి?

పీఈటీ_సరోజ

అందరికీ నమస్తే అండి. విజయనగరం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది, పేరు ఇక్కడ పెట్టను. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ, కళ్ళజోడు పెట్టినా బోర్డు మీద అక్షరం ఆనదు, మొదటి బెంచీలో కూచుని పక్కపిల్ల నోట్సు ముక్కుకి ఆనించుకుని రాసుకుంటుంది. కానీ పరుగు దగ్గరికొస్తే వేరే మనిషి. మా గ్రౌండ్‌లో 200 మీటర్ల ట్రాక్ సున్నంతో గీయిస్తాను, ఆ తెల్లగీత పట్టుకుని నాలుగు రౌండ్లు కొట్టిందంటే మిగతా ఆడపిల్లలు దరిదాపుల్లో ఉండరు. మొన్న వాచీ పెట్టి చూస్తే 800కి 2 నిమిషాల 52 సెకన్లు, ఉత్త కాళ్ళతో, మట్టిలో. పొద్దు వాలితే మాత్రం గీత కనపడదంటుంది, ఒకసారి వాలీబాల్ స్తంభానికి గుద్దుకుని భుజం వాచింది, అప్పట్నుంచి సాయంత్రం పరిగెత్తనివ్వట్లేదు.

మండలం మీట్‌కి తీసుకెళ్తే మొదటి వంపులోనే గుంపులో ఎవరి కాలో తగిలి బోర్లా పడింది. లేచి మళ్ళీ పరిగెత్తి నాలుగో స్థానంలో వచ్చింది. అక్కడున్న ఒక సార్ "ఈ పిల్లని పారాలో పెట్టండి మేడమ్, ఈజీగా మెడల్ కొట్టేస్తుంది" అన్నారు. ఆ మాట పట్టుకునే అడుగుతున్నాను. సదరం సర్టిఫికెట్ ఉంది, అది చాలా? టీ11 టీ12 అంటారే అవేంటి, మా పిల్ల ఎందులోకి వస్తుంది? పక్కన తాడు పట్టుకుని పరిగెత్తే మనిషి కచ్చితంగా ఉండాలా? ముఖ్యంగా ఆడపిల్లలకి 800 ఉందా? వాళ్ళమ్మగారికి ఇదంతా చెప్తే "పిల్ల పడితే మీరు చూస్తారా మేడమ్" అని ఒకే మాట అడిగారు, నా దగ్గర జవాబు లేదు.

రమణమూర్తి_ట్రాక్

సరోజ గారూ, ముందు ఆ "ఈజీగా మెడల్" మాట పక్కన పడేయండి, పారా అనగానే జనం ఆ మాటే అంటారు, వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆడవాళ్ళ 1500 టీ11, అంటే పూర్తిగా చూపులేని వాళ్ళ రేసు, ఇథియోపియా అమ్మాయి యయెష్ గేటే టెస్ఫా ఎంతలో గెలిచిందో తెలుసా, 4 నిమిషాల 27.68 సెకన్లు, ప్రపంచ రికార్డు. కళ్ళకి గంతలు కట్టుకుని. మన జిల్లా మీట్లలో కళ్ళున్న మగపిల్లలు ఎంతమంది ఆ టైము కొడతారో మీకే తెలుసు.

క్లాసుల సంగతి. చూపుకి సంబంధించినవి 11, 12, 13. టీ అంటే ట్రాక్. 11 అంటే దాదాపు ఏమీ కనపడదు. 12కి కొంత కనపడుతుంది, లేదా చూపు వెడల్పు 10 డిగ్రీల లోపు, అంటే గొట్టంలోంచి చూసినట్టు. 13కి ఇంకొంచెం మెరుగు, మన డాక్టర్లు 6/60 అని రాస్తారే రమారమి అక్కణ్ణుంచి కిందకి, లేదంటే వెడల్పు 40 డిగ్రీల లోపు. ఇదంతా రెండు కళ్ళలో బాగున్న కంటికి, కళ్ళజోడు పెట్టాక చూస్తారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది శుభ్రంగా ఉన్నవాళ్ళు ఈ క్లాసుల్లోకి రారు, ఆ సంగతి తెలీక రైలెక్కి నేషనల్స్ దాకా వెళ్ళి ఏడ్చుకుంటూ వెనక్కొచ్చిన పిల్లల్ని చూశాను.

సదరం సర్టిఫికెట్‌లో ఉండే శాతం పెన్షన్‌కీ, బస్ పాస్‌కీ, రిజర్వేషన్‌కీ. ఆటలో క్లాస్ వేసేవాళ్ళు దాన్ని బట్టి వెయ్యరు, వాళ్ళ లెక్క వాళ్ళది. మీరు చెప్పినదాంట్లో నాకు పట్టేసిన మాట ఒకటుంది, పొద్దు వాలితే గీత కనపడదని. అది రేచీకటి అయితే రెటీనా చూపించాలి, చూపు వెడల్పు ఏటేటా తగ్గే జబ్బులు కొన్ని ఉన్నాయి. పరుగు తర్వాత, ముందు ఆ పని చూడండి. విశాఖలో ఎల్వీ ప్రసాద్ ఉంది, చూపు వెడల్పు కొలిచే ఫీల్డ్ టెస్ట్ అని అడిగి చేయించండి, రిపోర్ట్ కాగితాలు భద్రంగా దాచండి, రేపు క్లాసిఫికేషన్ ఫారం నింపేటప్పుడు అవే కావాలి.

ఇక 800. పారాలింపిక్స్‌లో చూపు తక్కువున్న ఆడవాళ్ళకి 800 లేదండి. పారిస్‌లో ఆడవాళ్ళ 800 మూడే, టీ34, టీ53, టీ54, మూడూ వీల్‌చెయిర్ రేసులే. 1500 అయితే టీ11, టీ13, టీ20 (బుద్ధి ఎదుగుదల తక్కువున్నవాళ్ళది), టీ54. టీ12 పిల్లకి విడిగా లేదు, టీ13 వాళ్ళతోనే పరిగెత్తాలి. ఆ టీ13 రేసులోనే ఇథియోపియా అమ్మాయి టిగిస్ట్ మెంగిస్టు టోక్యోలో గెలిచింది, పారాలింపిక్స్‌లో ఆ దేశానికి అదే మొదటి బంగారం, మళ్ళీ పారిస్‌లోనూ తనే. కాబట్టి మీ పిల్ల పెద్ద మీట్ల దాకా వెళ్ళాలంటే ఇవాళ్టి నుంచే మనసులో 1500 పెట్టుకోండి. 800 మానొద్దు, వేగం అందులోంచే వస్తుంది. 400 కూడా ఉంది టీ11కి, టీ12కి, కానీ మట్టిలో వట్టికాళ్ళతో 2:52 కొట్టే పిల్ల 400 పిల్ల కాదని నా లెక్క.

గచ్చిబౌలి_గైడ్

మేడమ్ నమస్తే. నేను హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్త, పొద్దుగాల ఒక అక్కతోని గైడ్‌గా ఉరుకుత, ఆమెకు అసలే కనపడదు, టీ11. రమణమూర్తి సార్ క్లాసులు మంచిగ చెప్పిండు, నేను గైడ్ ముచ్చట చెప్త ఎందుకంటే అసలు కష్టం అంతా ఆడనే ఉంది.

టీ11 అయితే గైడ్ ఉండాల్సిందే, కళ్ళకు గంతలు గూడ పెట్టాల్సిందే, కొంచెం వెలుతురు తెలిసేటోళ్ళకు లాభం కావద్దని. టీ12 అయితే మనిష్టం, గైడ్‌తోని ఉరకొచ్చు, ఒక్కతే ఉరకొచ్చు. టీ13కి గైడ్ లేడు. తాడంటే పెద్ద తాడేం కాదు మేడమ్, షూ లేసంత ఉంటది, రెండు దిక్కుల వేళ్ళు దూర్చే ముడులు, సాగని గుడ్డతోని చేసుకుంటం. ఆమెది కుడి చెయ్యి ముందటికి పోతే పక్కన నా ఎడమ చెయ్యి ముందటికి పోవాలె, రెండు చేతులు ఒకటే చెయ్యి లెక్క ఊగాలె. ఇది కుదరనీకే మాకు నెలలు పట్టింది. ముందుగాల ఉరుకుడే లేదు, నిలబడి చేతులూపుడు, తర్వాత నడుసుడు, తర్వాత మెల్లగ జాగింగ్. ఇద్దరి అంగలు ఒక తీరుగ పడకపోతే తాడు గుంజుతది, భుజం పట్టేస్తది, ఇగ ఆ రోజు అయిపోయినట్టే.

నోరు గూడ నడవాలె. వంపు వచ్చే ముందట "వంపు, మూడు, రెండు, ఒకటి" అంట, వంపు అయిపోంగనే "సాఫ్", ముందట ఎవరన్న ఉంటే "పక్కకెళ్ళి పోతున్నం, రెండడుగులు కుడి", ఆఖరి 200కి ముందటున్నోళ్ళు ఎన్ని మీటర్ల దూరమో చెప్పాలె. ఇదంతా ఉరుక్కుంట. అంటే ఆమె గుండెలు అదిరేంత స్పీడ్‌ల నాకు మాట్లాడేంత దమ్ము మిగలాలె. పైకెళ్ళి ఆమెను లోపలి దిక్కు పెట్టి నేను బయటి దిక్కు ఉంట గదా, ప్రతి వంపుల నాకు దూరం ఎక్కువ పడ్తది, 1500 అయ్యేసరికి తక్కువల తక్కువ 15 మీటర్లు నేను ఎక్కువ ఉరికినట్టు.

గీత దగ్గర ఇంకో తిరకాసు. గైడ్ ముందటికి గుంజొద్దు, నూకొద్దు, ముగింపు గీత ముందుగాల ఆమెనే దాటాలె, గైడ్ ముందు దాటితే రేసు పాయె. తాడు ఇడిసినా తిప్పలే. పారిస్ పారాలింపిక్స్ మారథాన్‌ల స్పెయిన్ ఆమె ఎలెనా కాంగోస్ట్, గీత నాలుగడుగుల దూరం ఉందనంగ గైడ్‌కు కండరం పట్టి పడిపోతుంటే పట్టుకుందామని ఒక్క సెకన్ తాడు ఇడిసింది, మూడో స్థానంల వచ్చినా డిస్‌క్వాలిఫై చేసిన్రు. నాకైతే ఇప్పటికీ మనసొప్పది ఆ నిర్ణయం, మనిషిని పడిపోనిచ్చుడు ఏం రూలు.

అందుకే చెప్పేది ఏందంటే మీ పిల్లది ఏ క్లాసో తేలకముందే గైడ్‌ను ఎతుక్కునుడు మొదలువెట్టున్రి. పిల్ల దొరుకుడు అల్కన మేడమ్, పిల్లకన్న ఫాస్ట్ ఉరికి, రోజూ తెల్లారి ఐదింటికి వచ్చి, తన పేరు పేపర్ల రాకపోయినా ఏమనుకోనోడు దొరుకుడు కష్టం. ఫైనల్‌ల మెడల్ వస్తే గైడ్‌కు గూడ ఇస్తరు లెండి, గానీ ఆడిదాక పోవాలె గదా.

ఒంటిచేయి_పద్మ

సరోజ గారూ, నాది కుడి చెయ్యి మోచేతి కిందకి లేదు, చిన్నప్పుడు చెరకు మిషన్లో పడింది. స్కూల్లో 800, 1500 నా ఈవెంట్లు. పారాలోకి వచ్చాక మొదటి రోజే తెలిసింది, చేతి లోపం ఉన్న ఆడవాళ్ళకి పారాలింపిక్స్‌లో 100, 200, 400 తప్ప పరుగు లేదని. అదే క్లాస్ మగవాళ్ళకి 1500 ఉంది! పారిస్‌లో మగవాళ్ళ 1500లు ఆరు, ఆడవాళ్ళవి నాలుగు, టీ38 (మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగా ఆడని వాళ్ళది), టీ46 (చేతి లోపం వాళ్ళది) రెండూ మా ఆడవాళ్ళకి ఎగిరిపోయాయి. అడిగితే ప్రతి సారీ ఒకే జవాబు, ఆడవాళ్ళు తగినంతమంది రావట్లేదు, ఈవెంట్ పెడితే రేసు నిండదు అని. ఈవెంటే లేకపోతే ఎవరొస్తారండీ? పదిహేనేళ్ళ పిల్లకి కోచ్ ఏం చెప్తాడు, 1500 మానేసి 400కి రా అంటాడు, నాకూ అదే చెప్పారు, వెళ్ళాను, 400లో నేను ఎప్పుడూ సగం మనిషినే. రాష్ట్రంలో ఒక మీట్‌లో అయితే ఆడవాళ్ళ 1500కి ముగ్గురమే పేర్లిచ్చామని రేసు రద్దు చేసి, ఆ మధ్యాహ్నం టెంటు కింద కూచోబెట్టి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపారు.

మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. మీ పిల్లకి చూపు క్లాస్ కాబట్టి 1500 ఉంది, అదృష్టం. నేను చెప్పేదల్లా, వెళ్ళే ముందు ఆ మీట్‌లో ఆ క్లాస్‌కి ఆ ఈవెంట్ ఉందో లేదో, ఎంతమంది పేర్లిచ్చారో ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి, తల్లిదండ్రుల కూలి డబ్బులతో టికెట్లు కొనే ముందు.

చాంపెయిన్_కిరణ్

పద్మక్కా నీ కోపం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నా, వీల్‌చెయిర్ రేసింగ్‌కి ఇది పుట్టిల్లు లాంటిది, టాట్యానా మెక్‌ఫాడెన్, సుసానా స్కరోనీ లాంటి వాళ్ళు ఇక్కడ్నుంచి వచ్చినవాళ్ళే. పొద్దున క్లాస్‌కి పోతుంటే రోడ్డు మీద మూడు చక్రాల బళ్ళు ఒకదాని వెనక ఒకటి, మోకాళ్ళ మీద వంగి కూచుని, రబ్బరు గ్లవ్స్‌తో చక్రం రింగుని తోస్తూ కాదు, గుద్దుతూ పోతుంటారు, టప్ టప్ అని సౌండ్ దూరం నుంచే వినపడుద్ది. ట్రాక్ మీద వంపు వచ్చినప్పుడు ముందు చక్రం పక్కనున్న చిన్న మీటని చేత్తో ఒక్క దెబ్బ కొడతారు, బండి దానంతటదే వంపు తిరుగుద్ది, వంపు అవగానే ఇంకో దెబ్బ. గాలి తగలకుండా ముందోళ్ళ వెనకే దాక్కుని ఆఖరి 200లో బయటికి రావడం, సైకిల్ రేసులా ఉంటది 800.

ఆడవాళ్ళ 800కి ఒక చరిత్ర ఉంది, అది చెప్దామనే వచ్చా. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ కాదు, అందులో ఆడవాళ్ళ 800 వీల్‌చెయిర్ రేసు ప్రదర్శనగా పెట్టారు, గెలిచింది షారన్ హెడ్రిక్, సియోల్‌లో కూడా ఆమే. తర్వాత 1996, 2000లో ఆస్ట్రేలియా లూయిస్ సావేజ్, 2004 ఏథెన్స్‌లో కెనడా షాంటల్ పెటిక్లెర్. అన్నీ ప్రదర్శనలే, దేశాల మెడల్ పట్టికలో లెక్కెయ్యలేదు. లెక్కేసింది 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ గేమ్స్‌లో, అక్కడ కూడా ఇదే 800, గెలిచింది పెటిక్లెరే. పారిస్‌లో స్విట్జర్లాండ్ కాథరిన్ డెబ్రునర్ 400 నుంచి మారథాన్ దాకా ఐదు బంగారాలు కొట్టింది. కానీ రేసింగ్ బండి ఒక్కోటి లక్షల్లో, మన దగ్గర అది కొనే ఇల్లు ఎక్కడుంది, అందుకే ఇండియా నుంచి ఆ లైన్‌లో ఆడపిల్లలు కనపడరు. చూపు క్లాస్‌లో బూట్లూ ఒక మనిషీ చాలు, అందుకే మనవాళ్ళు అక్కడ ఉన్నారు.

సరోజ మేడమ్‌కి ఒక మాట. మార్లా రన్యన్ అని అమెరికా రన్నర్, తొమ్మిదేళ్ళప్పుడే మధ్య చూపు పోయింది, పారాలింపిక్స్‌లో మెడళ్ళు గెలిచి, ఆ తర్వాత 2000 సిడ్నీలో మామూలు ఒలింపిక్స్ 1500 ఫైనల్ పరిగెత్తింది, 8వ స్థానం. గైడ్ లేదు ఏం లేదు, కళ్ళున్న వాళ్ళ గుంపులోనే. అంటే పారాలో పేరు రాయించారని మామూలు స్కూల్ గేమ్స్ మానిపించొద్దు, రెండూ నడవనివ్వండి.

పీఈటీ_సరోజ

చాలా థాంక్సండి అందరికీ, పద్మ గారూ మీ సంగతి చదివి కాసేపు ఏమీ తోచలేదు. కంటి ఆస్పత్రికి దసరా సెలవుల్లో నేనే తీసుకెళ్తాను, వాళ్ళమ్మగారు వస్తానన్నారు.

ఒక చిక్కు ఉంది, ఇక్కడ అడగొచ్చో లేదో. గైడ్ కావాల్సి వస్తే ఈ పిల్లకన్నా వేగంగా పరిగెత్తే వాళ్ళు మా ఊళ్ళో మగపిల్లలే. ఇంటర్ చదివే ఒకబ్బాయి ఉన్నాడు, ఆర్మీ సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాడు, బుద్ధిమంతుడు, తనే చేస్తానన్నాడు. కానీ తెల్లవారుజామున ఆడపిల్ల మగపిల్లాడి చేతికి తాడు కట్టుకుని పరిగెడితే ఊరు ఊరుకుంటుందా? అసలు మగవాళ్ళు గైడ్‌గా ఉండొచ్చా?

గచ్చిబౌలి_గైడ్

ఉండొచ్చు మేడమ్, రూల్ ప్రకారం ఏం అడ్డం లేదు. టోక్యోల 1500 టీ11 గెలిచిన మెక్సికో ఆమె మోనికా రోడ్రిగెజ్ పక్కన ఉన్నది మగాయనే. మన దేశం తరఫున రక్షిత రాజు ఉంది గదా, చిక్కమగళూరు అమ్మాయి, 2018 జకార్తా ఏషియన్ పారా గేమ్స్‌ల 1500 బంగారం, మళ్ళ హాంగ్‌జౌల బంగారం 5 నిమిషాల 21 సెకన్లల్ల, పారిస్ దాక పోయింది, ఆమె గైడ్ రాహుల్ గూడ మగాయనే. హాంగ్‌జౌల అదే రేసుల కంచు మన తెలుగు పిల్ల కిల్లక లలితది, ఆ వీడియో ఆ పిల్ల అమ్మకు ఫోన్‌ల చూపెట్టున్రి, మనం వంద మాటలు చెప్పేదానికన్న మంచిది.

ఊరి ముచ్చట వేరే, అది నిజమే. మా అక్కతోని నేను మొదలువెట్టినప్పుడు ఆమె చెల్లె రోజూ వచ్చి బెంచి మీద కూసునేది, కొన్ని రోజులకు ఆమె గూడ ఉరుకుడు మొదలువెట్టింది. మీరు గ్రౌండ్‌ల ఉన్నప్పుడే ప్రాక్టీస్ పెట్టున్రి, ఆ పిలగానితోపాటు ఇంకిద్దరు ఆడపిల్లలను గూడ గైడింగ్ నేర్వమనున్రి. మెల్లగ ఉరికే రోజులల్ల ఆడపిల్లలతోని, స్పీడ్ రోజులల్ల ఆ పిలగానితోని. ఒక్క గైడ్ మీదనే ఆధారపడితే వానికి ఆర్మీల సెలక్షన్ వచ్చిన తెల్లారి మీ పిల్ల ఇంట్ల కూసుంటది.

రమణమూర్తి_ట్రాక్

ఇది మంచి మాట. దానికి ఇంకోటి కలుపుతాను. టీ12 గానీ టీ13 గానీ వస్తే గైడ్ లేకుండానే పరిగెత్తాల్సి రావచ్చు, అప్పుడు మండలం మీట్‌లో జరిగిందే పెద్ద సమస్య, గుంపులో పడటం. వాళ్ళమ్మగారి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. 1500 మొదలవగానే అందరూ లోపలి గీతకి దూరతారు, మీ పిల్లని మొదటి 100 మీటర్లు కావాలని రెండో లేన్ బయట ఉంచండి, నాలుగు మీటర్లు ఎక్కువైనా పరవాలేదు, వరస సాగాక లోపలికి రావచ్చు. స్కూల్లో ఐదారుగురు పిల్లల్ని చుట్టూ పెట్టి, వాళ్ళకి ముదురు రంగు బనీన్లు తొడిగి, మోచేతులు తగిలేంత దగ్గరగా నెమ్మదిగా పరిగెత్తించండి, గుంపు శబ్దం అలవాటవ్వాలి, పక్కన అడుగుల చప్పుడు విని దూరం అంచనా కట్టడం నేర్చుకుంటారు ఈ పిల్లలు. వాలీబాల్ స్తంభాలకి పాత టైర్లో, గోనెసంచుల్లో గడ్డి కుక్కో కట్టేయండి, అది రేపే చెయ్యొచ్చు, గవర్నమెంట్ ఫండ్ అక్కర్లేదు.

సున్నం గీత కూడా రెండించీల వెడల్పు కాదు, బెత్తెడు వెడల్పు పోయించండి. ఫీల్డ్ టెస్ట్ రిపోర్ట్ రాగానే పేరు, హాస్పిటల్ నంబర్ చెరిపేసి డిగ్రీల అంకె మాత్రం ఇక్కడ రాయండి, క్లాస్ ఏది పడొచ్చో చూద్దాం. రాష్ట్ర పారా మీట్ ఎంట్రీలు ఎప్పుడు తెరుస్తారో నేను కనుక్కుని ఇందులోనే పెడతాను.

ఒంటిచేయి_పద్మ

కనుక్కునేటప్పుడు ఆడవాళ్ళ 1500కి ఎంతమంది పేర్లిచ్చారో కూడా అడగండి సార్. తక్కువైతే నా పేరూ రాయండి, నా క్లాస్‌కి మెడల్ ఉన్నా లేకపోయినా వచ్చి పరిగెడతాను, రేసు రద్దు కాకుండా ఉంటుంది.

పీఈటీ_సరోజ

పద్మ గారూ, తప్పకుండా రండి, మా ఇంట్లోనే దిగుదురు. టైర్లు పంక్చర్ షాపులో అడిగాను, నాలుగు ఇస్తానన్నాడు.